డిసెంబర్ 30, జనవరి 30: అండమానోళ్ళు యాది చేసుకునే రెండు రోజులు

జుమ్మా రోజు కదా, ఈసారి పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. చాయ్ పెట్టుకొని తీరిగ్గా చదవండి.

నవంబర్ వచ్చిందంటే మస్కట్‌ల రోడ్ల పొడుగునా తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ జెండాలే. లైట్లు, కార్ల మీద సుల్తాన్ ఫోటోలు, మనకు రెండు రోజుల సెలవు. ప్రతి ఏడు మన రూముల్లో కొత్తగా వచ్చిన పిలగాళ్ళు ఒకటే ప్రశ్న అడుగుతరు: "అన్నా, వీళ్ళకు ఎవరి నుంచి స్వాతంత్ర్యం వచ్చింది?"

జవాబు అంత చిన్నది కాదు. 1507లో పోర్చుగీసోళ్ళు మస్కట్‌ను పట్టుకున్నారు. 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ వాళ్ళను ఇక్కడి నుంచి వెళ్ళగొట్టాడు. 1744లో ఇమామ్ అహ్మద్ బిన్ సయీద్‌తో ఇప్పటి రాజవంశం మొదలైంది. చాలా ఏండ్లు జాతీయ దినం నవంబర్ 18నే జరిగింది, అది సుల్తాన్ ఖాబూస్ పుట్టినరోజు. 2025 నుంచి నవంబర్ 20కి మార్చారు, 1744 నాటి రాజవంశం యాదికి. అంటే చరిత్రలో తేదీలు మస్తుగ ఉంటయి, ఏ తేదీకి జెండా కట్టాలె అన్నది మాత్రం తర్వాతి వాళ్ళు తేలుస్తరు.

మన తెలంగాణోళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా అని ఇప్పటికీ కొట్లాట నడుస్తనే ఉంది. అయితే మన దేశంలోనే ఒక చోట ఉంది. అక్కడి జనానికి ఆగస్టు 15 ఉంది, దానికంటే ముందు ఇంకో జెండా రోజు ఉంది, ఆ జెండా రోజుకు సరిగ్గా నెల తర్వాత ఒక ఏడుపు రోజు కూడా ఉంది. ఆ చోటు పేరు అండమాన్. సముద్రం దాటి వచ్చి బతుకుతున్న మనలాంటోళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన కథ అది. ఎందుకంటే ఆ దీవుల్లో ఊర్లు కట్టింది కూడా సముద్రం దాటినోళ్ళే. తేడా ఒక్కటే. మనం వీసా కొనుక్కొని వచ్చినం, వాళ్ళను సంకెళ్ళేసి తెచ్చిన్రు.

ద్వీపాంతరం

మన పెద్దల నోట్లో ఒక మాట ఉండేది: "ద్వీపాంతర శిక్ష". ఉరి తర్వాత అంత పెద్ద శిక్ష అదే. హిందీలో కాలాపానీ అన్నారు. సముద్రం దాటితే కులం పోతది, మనిషి పోతడు, మళ్ళీ ఊరి మొఖం చూడడు అని నమ్మిన కాలం.

1857 తిరుగుబాటు అయినంక పట్టుకున్నోళ్ళను ఎక్కడ పెట్టాలో బ్రిటిషోళ్ళకు తెల్వలేదు. దేశంలో ఉంచితే జైళ్ళు కూడా తిరగబడతయని భయం. అందుకే 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. ఆ 200 మంది చేతుల్లో గొడ్డళ్ళు పెట్టి అడవి కొట్టమన్నారు. కాళ్ళకు ఇనుము, చుట్టూ జలగలు, మలేరియా. బర్మా దాకా నేల మీద నడిచి పోవచ్చని నమ్మి చాలామంది పారిపోయారు. చుట్టూ సముద్రమే అని తెలిసేసరికి కొందరు ఆకలికి చచ్చారు, కొందరు అక్కడి ఆదివాసీల బాణాలకు పడిపోయారు, కొందరు తిరిగొచ్చారు. తిరిగి దొరికిన 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఉరి తీయించాడు. దీవి మీద బ్రిటిష్ రాజ్యం మొదలైన కొన్ని నెలల్లోనే జరిగిన పని ఇది.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. "పెద్ద తుర్రం ఖాన్ వా?" అని తిడతం కదా, ఆ తుర్రం ఖాన్ నిజం మనిషి. పేరు తుర్రేబాజ్ ఖాన్. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన గుంపుకు ఆయన, మౌల్వీ అల్లావుద్దీన్ ముందున్నారు. ఇద్దరికీ ద్వీపాంతరమే రాసిపెట్టారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను మాత్రం అండమాన్ ఓడ ఎక్కించారు. మళ్ళీ హైదరాబాద్ చూడలేదు, అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. ఇప్పుడు మనం తుర్రం ఖాన్ పేరును వెక్కిరింపుకు వాడుతున్నం, మౌల్వీ పేరు అసలే తెల్వదు. యాది లేకపోతే వీరుడు కూడా తిట్టు అయిపోతడు.

గోదావరి అవతల రంప మన్యం నుంచి కూడా పోయిన్రు. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడ్డ గిరిజనుల్లో కొందరిని అండమాన్ పంపారు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినోళ్ళకు కూడా కఠినమైన శిక్షలే పడ్డాయి. ఆయన అనుచరుడు గాం మల్లుదొర ఏండ్లకేండ్లు జైల్లో ఉండి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. కొండ మీద విల్లు పట్టిన చెయ్యి పార్లమెంటులో సంతకం పెట్టింది. ఇట్లాంటివి మన పిల్లల పుస్తకాల్లో కనబడతయా?

ముందు నుంచి ఉన్నోళ్ళు

ఒక మాట మరువొద్దు. ఖైదీలకంటే ముందు, తెల్లోళ్ళకంటే ముందు, వేల ఏండ్ల నుంచి ఆ దీవుల్లో ఉన్నోళ్ళు గ్రేట్ అండమానీలు, జరవాలు, ఓంగీలు, సెంటినలీలు. తమ అడవి కొట్టేస్తుంటే గ్రేట్ అండమానీలు ఊరుకోలేదు. 1859 మేలో అబర్డీన్ అనే చోట బ్రిటిషోళ్ళ మీద పెద్ద దాడికి సిద్ధమయ్యారు. విల్లు, బాణాలతో తుపాకుల మీదికి.

ఆ సంగతి ముందే బయటపడింది. బయటపెట్టినోడు దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ. పారిపోయి అడవిలో చావు దాకా పోతే ఆ ఆదివాసీలే దగ్గరికి తీసుకున్నారు, ఏడాది పాటు తిండి పెట్టారు, పెండ్లి కూడా చేశారు. దాడి ముచ్చట తెలవగానే వాడు ఉరికొచ్చి సర్కారుకు చెప్పాడు. దాడి విఫలమైంది, తివారీకి శిక్ష మాఫీ అయింది. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఆ యుద్ధానికి ఒక స్మారకం ఉంది, ప్రతి మే నెలలో పూలు పెడతరు. కానీ పూలు పెట్టించుకోవాల్సిన ఆ జాతి రోగాలతో, తుపాకులతో కరిగిపోయి ఇప్పుడు కొన్ని పదుల మందే మిగిలింది.

మన స్వాతంత్ర్య పోరాటం అంటే తెల్లోడు ఒక దిక్కు, మనమంతా ఒక దిక్కు అనుకుంటం. అండమాన్ చరిత్ర అంత సాఫ్‌గా లేదు. అక్కడ ఖైదీ కూడా బాధితుడే, ఆదివాసీ కూడా బాధితుడే. ఒకరి చెమటతోనే ఇంకొకరి అడవి పోయింది.

జైలు కట్టిన చేతులు

1896 నుంచి 1906 దాకా సెల్యులార్ జైలు కట్టారు. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ సైకిల్ చక్రం పుల్లల లెక్క ఏడు వరుసలు, దాదాపు 700 గదులు. ఒక గదిలో ఉన్నోడికి ఇంకో గదిలో ఉన్నోడి మొఖం కనబడదు. ఇటుకలు బర్మా నుంచి వచ్చాయి. కట్టింది ఎవరు? ఖైదీలే. తమను పెట్టే గదులను తామే కట్టుకున్నారు. సైట్ల మీద పనిచేసే మనకు ఈ ముచ్చట వేరే వాళ్ళకంటే ఎక్కువ సమజైతది. ఇటుక మోసినోడి పేరు బిల్డింగ్ మీద ఉండదు.

లోపల పని ఏందంటే కొబ్బరి పీచు దంచుడు, ఎద్దుకు బదులు మనిషే గానుగ తిప్పుడు. రోజుకు ఇంత నూనె అని లెక్క. లెక్క తప్పితే దెబ్బలు. సావర్కర్ సోదరులు, బెంగాల్ విప్లవకారులు, పంజాబ్ గదర్ వాళ్ళు, తర్వాత భగత్ సింగ్ సహచరులు అక్కడ ఉన్నారు. మన తెలుగోడు కూడా ఉన్నాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వేంకటాచారిని అండమాన్ పంపారు. భయంకరాచారి అని పిలిచేవారు.

1933 మేలో ఖైదీలు నిరాహార దీక్షకు కూర్చున్నారు. అడిగిందేమో తినగలిగే తిండి, వెలుతురు, చదువుకోవడానికి పుస్తకాలు. ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా పాలు పోస్తుంటే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అనే ముగ్గురు చచ్చిపోయారు. 1937లో మళ్ళీ దీక్ష చేశారు. ఈసారి దేశమంతా కదిలింది. 1938 మొదలయ్యేసరికి రాజకీయ ఖైదీలను వెనక్కి తెచ్చారు.

ఇక్కడ ఓల్డ్ మస్కట్‌లో సముద్రం ఒడ్డున జలాలీ కోట చూసిండ్రు కదా, ప్యాలెస్ పక్కన గుట్ట మీద. పోర్చుగీసోళ్ళు కట్టింది. 1970ల దాకా అది జైలే. సముద్రం పక్కన జైలు కట్టడం రాజ్యాలన్నిటికీ ఇష్టమైన పనిలాగుంది. గోడ తక్కువైనా నీళ్ళు కాపలా కాస్తయి.

రాజకీయ ఖైదీలు వాపసు పోయారు. మరి మిగిలినోళ్ళు? శిక్షలో కొంత కాలం అయినంక మంచిగ ఉన్న ఖైదీకి కొంచెం భూమి ఇచ్చి, పెండ్లికి అనుమతి ఇచ్చేవారు. హిందువు, ముస్లిం, సిక్కు, పంజాబీ, బెంగాలీ, మదరాసీ అని లేకుండా కలిసి బతికారు, వాళ్ళ పిల్లలు హిందుస్తానీ మాట్లాడారు. ఆ పిల్లల సంతానాన్నే అక్కడ "లోకల్ బార్న్" అంటరు. అసలు కథ ఇక్కడి నుంచి వాళ్ళదే.

డిసెంబర్ 30

1942 మార్చి 23న జపాన్ సైన్యం అండమాన్‌లో దిగింది. బ్రిటిషోళ్ళు అంతకు ముందే చాలావరకు ఓడలెక్కి వెళ్ళిపోయారు, జనాన్ని వాళ్ళ ఖర్మకు వదిలేశారు. తెల్లోడు పోయిండని జనం మొదట సంతోషపడ్డారు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఇండ్లల్ల జొరబడ్డ సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే పిలగాడు ఎయిర్ గన్ పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా జనం అందరి ముందు ఆ పిలగాణ్ణి కొట్టి కాల్చి చంపారు.

ఇటు సింగపూర్‌లో 1943 అక్టోబర్ 21న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ప్రభుత్వం అంటే భూమి ఉండాలె కదా. నవంబర్‌లో టోక్యో సమావేశంలో జపాన్ ప్రధాని టోజో అండమాన్, నికోబార్ దీవులను ఆజాద్ హింద్‌కు అప్పజెప్తామని ప్రకటించాడు. డిసెంబర్ 29న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. 30న జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఆగస్టు 15 కంటే దాదాపు నాలుగేండ్ల ముందు. అండమాన్‌కు షహీద్, నికోబార్‌కు స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఖైదీల మనవలు, మనవరాళ్ళు ఆ మైదానంలో నిలబడి జెండాకు సలాం కొట్టారు. ఏ జెండా కోసం వాళ్ళ తాతలు ద్వీపాంతరం వచ్చారో, ఆ జెండా ముందుగా వాళ్ళ దీవిలోనే ఎగిరింది. ఆ గర్వం చిన్నది కాదు.

కానీ కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకొకటి. దీవులకు అధిపతిగా కల్నల్ లోగనాథన్‌ను ఆజాద్ హింద్ పంపింది. ఆయన వచ్చి చూస్తే జపానోళ్ళు ఆయన చేతికి ఇచ్చింది బడుల శాఖ ఒక్కటే. పోలీసులు వాళ్ళ దగ్గరే, తుపాకులు వాళ్ళ దగ్గరే, తిండి గింజలు వాళ్ళ దగ్గరే. వీసా మీద సూపర్‌వైజర్ అని రాసి, దిగినంక పార చేతికిచ్చినట్టు. మనలో ఎంతమందికి ఆ అనుభవం ఉందో చెప్పక్కరలేదు, లోగనాథన్ బాధ మనకు ఇట్టే అర్థమైతది. కొన్ని నెలలకే ఆయన తిరిగి వెళ్ళిపోయారు.

జనవరి 30

నేతాజీ జెండా ఎగరేస్తున్న ఆ రోజే సెల్యులార్ జైలు గదుల్లో మళ్ళీ ఇండియా వాళ్ళు ఉన్నారు. ఈసారి పెట్టింది జపానోళ్ళు. బయట సముద్రంలో జపాన్ ఓడలు మునిగినప్పుడల్లా ఇక్కడి నుంచి ఎవడో వార్త చేరవేస్తున్నాడని వాళ్ళ అనుమానం. దొరికినోణ్ణి దొరికినట్టు గూఢచారి అని పట్టుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌ను నడిపిన డాక్టర్ దివాన్ సింగ్, పంజాబీ కవి, జనం డాక్టర్, ఆయన కూడా ఆ జైల్లోనే ఉన్నాడు. నేతాజీ చుట్టూ జపాన్ అధికారులే. ఖైదీల దగ్గరికి ఆయన్ను పోనివ్వలేదు. 1944 జనవరి 14న దివాన్ సింగ్ చిత్రహింసలతో ప్రాణం విడిచాడు. తర్వాత ఆయన పేరు పక్కన "కాలేపానీ" అని చేర్చి పిలుచుకున్నారు.

జెండా ఎగిరి సరిగ్గా నెల. 1944 జనవరి 30. లీగ్‌లో ఉన్న 44 మందిని జైలు నుంచి లారీల్లో పోర్ట్ బ్లెయిర్ అవతల హంఫ్రీగంజ్‌కు తీసుకపోయి కాల్చి చంపారు. స్వాతంత్ర్యం కోసం సంఘం కట్టినోళ్ళను, స్వాతంత్ర్యం తెచ్చినమన్నోళ్ళే చంపారు.

1945లో తిండి కరువైంది. యుద్ధం ఓడిపోతున్నమని జపానోళ్ళకు తెలిసింది. ముసలోళ్ళు, పని చేయలేనోళ్ళు, తమకు నచ్చనోళ్ళు కలిపి వందల మందిని "ఇంకో దీవిలో భూమి ఇస్తం, సాగు చేసుకోండి" అని ఓడ ఎక్కించారు. హేవ్‌లాక్ దీవి దగ్గర, రాత్రి పూట, సముద్రంలోకి తోసేశారు. ఈదుకుంటూ ఒడ్డు చేరినోళ్ళలో కూడా చాలామంది ఆకలికి పోయారు. బతికి బయటపడ్డోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1945 అక్టోబర్‌లో జపాన్ అధికారులు కత్తులు అప్పజెప్పి లొంగిపోయారు. ఎక్కడో తెలుసా? నేతాజీ జెండా ఎగరేసిన అదే జింఖానా మైదానంలో. ఆ నెలలోనే ఖైదీల కాలనీ కూడా రద్దయింది, పోయేటోళ్ళు పోవచ్చు, ఉండేటోళ్ళు ఉండొచ్చు అన్నారు. చాలామంది ఉండిపోయారు. పోవడానికి ఊరు ఉండాలె, ఊర్లో గుర్తుపట్టే మనిషి ఉండాలె కదా.

ఇప్పుడు ఎట్లా యాది చేసుకుంటున్నరు

సెల్యులార్ జైలు ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు. డిసెంబర్ 30న అక్కడ జెండా పండుగ. 2018లో 75 ఏండ్లు నిండినప్పుడు ప్రధాని మోదీ వెళ్ళి 150 అడుగుల స్తంభం మీద జెండా ఎగరేశారు. రాస్ దీవికి నేతాజీ పేరు, నీల్ దీవికి షహీద్ ద్వీప్, హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా శ్రీ విజయపురం అయింది.

జనవరి 30న దేశమంతా గాంధీజీ కోసం మౌనం పాటిస్తది. అదే రోజు హంఫ్రీగంజ్ స్మారకం దగ్గర ఆ 44 మంది కోసం పూలు పెడతరు. ఢిల్లీ టీవీలు డిసెంబర్ 30 చూపిస్తయి. జనవరి 30న అక్కడికి వచ్చేది ఎక్కువగా వాళ్ళ వారసులే.

ఈ రెండు రోజులను కొందరు ఒకదాని మీద ఒకటి పోటీ పెడతరు. జెండా గొప్పదంటే హంఫ్రీగంజ్ మరుగునపడతదని ఒకరు, హంఫ్రీగంజ్ గురించి మాట్లాడితే నేతాజీకి అవమానమని ఇంకొకరు. నాకు అట్లా అనిపించదు. నేతాజీ జెండా అబద్ధం కాదు. నలభై నాలుగు శవాలు కూడా అబద్ధం కావు. లోకల్ బార్న్ కుటుంబాలు రెండు రోజులూ పాటిస్తయి, రెండూ వాళ్ళ ఇంటి చరిత్రే కాబట్టి. దూరంగా ఉన్నోడికి ఒక తేదీ సరిపోతది. ఆ మట్టి మీద ఉన్నోడికి సరిపోదు.

ఇంకో సంగతి. 2011 లెక్కల ప్రకారం అండమాన్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నోళ్ళు సుమారు 13 శాతం. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ దిక్కు నుంచి పోయిన చేపల వాళ్ళు, కూలీలు. విశాఖ నుంచి ఇప్పటికీ ఓడ పోతది. మనం దుబాయ్, మస్కట్ పోయినట్టే వాళ్ళు అటు పోయిన్రు. వాళ్ళ పిల్లలు బడిలో డిసెంబర్ 30న జెండా వందనం చేస్తరు. వలస పోయినోడు వచ్చిన చోటి చరిత్రను తనదిగా చేసుకునుడు అంటే ఇదే.

ద్వీపాంతరం వచ్చినోళ్ళలో చాలామందికి పేరు కంటే నంబరే ఎక్కువ నడిచింది. మెడలో చెక్క బిళ్ళ, దాని మీద నంబర్, శిక్ష. మన జేబుల్లో బతాకా ఉంది, దాని మీద కూడా నంబర్ ఉంది. అయితే మన కాలంలో మన చేతిలో ఫోన్ ఉంది. ఈ దేశంలో ఏ రోడ్డు ఎవరు వేసిండ్రో, ఏ బిల్డింగ్ మీద ఎవరు ఎండలో నిలబడ్డరో, ఎవరి శవపేటిక ఏ ఊరికి పోయిందో మనం రాసిపెట్టకపోతే ఇంకెవరూ రాయరు. పేరు, ఊరు, పని, ఏడు. నాలుగు ముక్కలు చాలు. అండమాన్‌లో కొన్ని పేర్లు రాయి మీదికి ఎక్కినయి, కుటుంబాలు మరువలేదు కాబట్టి.

మీ చుట్టాల్లో ఎవరైనా అండమాన్‌లో ఉంటే వాళ్ళు డిసెంబర్ 30 ఎట్లా జరుపుకుంటరో అడిగి కామెంట్‌లో రాయండి. రంప మన్యం దిక్కు అన్నలు ఎవరన్నా ఉంటే, మీ ఊర్లో ద్వీపాంతరం పోయినోళ్ళ గురించి పెద్దలు చెప్పిన మాటలు రాయండి. రూంలో చదవడం రాని అన్న ఉంటే చదివి వినిపించండి.

వచ్చే జుమ్మాకు 1650లో మస్కట్ కోటను ఎట్లా గెలిచిండ్రో రాస్తా. అందాక అందరూ పైలం.